అడిగినంతనే వచ్చే ఫత్వా: ఒక ఆన్‌లైన్ సేవ పనితీరు

ఇస్లాం ధార్మిక సందేహాలను రాసి పంపితే ముఫ్తీల (ధర్మశాస్త్రం ప్రకారం అభిప్రాయం చెప్పే పండితుల) సమాధానం, అంటే ఫత్వా, తెచ్చిపెట్టే ఆన్‌లైన్ సేవలు ఇప్పుడు అనేకం ఉన్నాయి. వాటిలో విస్తృతంగా వాడుకలో ఉన్న ఒకదానికి కొంతకాలంగా ప్రశ్నలు పంపుతూ, అందులో భద్రపరచిన పాత సమాధానాలను చదువుతూ వచ్చిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. సేవ పేరు చెప్పడం లేదు. ఇక్కడ ఎత్తిచూపే లోపాల్లో చాలావరకు ఈ తరహా సేవలన్నింటికీ వర్తించేవే కనుక పేరు తెలియకపోయినా పాఠకులకు నష్టం లేదు.

ఫత్వా ఇచ్చే సేవను మామూలు వస్తువును సమీక్షించినట్టు సమీక్షించవచ్చా అని కొందరికి అనుమానం రావచ్చు. సమీక్షించవచ్చునని మాత్రమే కాదు, సమీక్షించాలని నా అభిప్రాయం. ‘మీకు తెలియకపోతే జ్ఞానం గలవారిని అడగండి’ అని ఖుర్‌ఆన్‌లోని అన్-నహ్ల్ అధ్యాయం (16:43) చెబుతోంది గానీ, ఆ జ్ఞానం గలవారు ఎవరో ముద్ర వేసి ప్రకటించే కేంద్ర పీఠమేదీ సున్నీ ముస్లింలకు లేదు. పండితుడి అధికారం గురువు ఇచ్చిన ఇజాజత్ (బోధించే అనుమతి) నుంచి, సాటి పండితుల ఆమోదం నుంచి, ప్రజల నమ్మకం నుంచి సమకూరుతుంది. అందుకే ఉసూలుల్ ఫిఖహ్ (ధర్మశాస్త్ర మూలసూత్రాల) గ్రంథకర్తలు ముఫ్తీకి ఉండవలసిన అర్హతలతో పాటు, అడిగేవాడి బాధ్యతలను కూడా చర్చించారు. ధర్మశాస్త్రంలో స్వయంగా ఇజ్తిహాద్ (మూలాధారాల నుంచి నియమాన్ని రాబట్టడం) చేయలేని సామాన్యుడైనా, తాను అడగబోయే వ్యక్తి యోగ్యుడా కాదా అని విచారించుకోవలసిందేనని వారు రాశారు. ఆ విచారణలో భాగంగానే ఈ నాలుగు మాటలు.

ముందుగా పైకి కనిపించే విషయాలు. పాత సమాధానాలు శుద్ధి, నమాజు, ఉపవాసం, జకాత్ (తప్పనిసరి దానం), వివాహం, వ్యాపారం, వారసత్వం అనే సంప్రదాయ క్రమంలో చక్కగా అమర్చి ఉన్నాయి. ప్రతి సమాధానానికీ సంఖ్య, తేదీ ఉన్నాయి. వెతుకులాట త్వరగా జరుగుతుంది. ప్రశ్న పంపే పత్రం మాత్రం మరీ క్లుప్తం: పేరు, ఈమెయిల్, విషయం, ప్రశ్న, అంతే. అడుగుతున్నవారు ఏ మజ్హబ్‌ను (ధర్మశాస్త్ర శాఖను) అనుసరిస్తారో, ఏ దేశంలో ఉంటారో చెప్పే గడి లేదు. ఈ లోటు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నేను చూసిన లోపాల్లో సగం అక్కడినుంచే పుట్టాయి.

ఈ సేవకు నేను పెట్టిన పరీక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ తెలియజెప్పినది వారసత్వపు ప్రశ్న. ‘ఒక వ్యక్తి మరణించాడు. అతనికి భార్య, ఒక కూతురు, ఒక తమ్ముడు ఉన్నారు. ఆస్తిని ఎలా పంచాలి?’ అని రాశాను. సమాధానం మరునాటికల్లా వచ్చింది. భార్యకు ఎనిమిదో వంతు, కూతురికి సగం, మిగిలినది తమ్ముడికి అని అందులో ఉంది. అంటే ఆస్తిని 24 వంతులు చేస్తే భార్యకు 3, కూతురికి 12, తమ్ముడికి 9. దీనికి ఆధారంగా అన్-నిసా అధ్యాయంలోని 11, 12 వచనాలను, నిర్ణీత వాటాలు ఇచ్చాక మిగిలినది దగ్గరి పురుష బంధువుకు చెందుతుందనే హదీసును (ప్రవక్త ప్రవచనాన్ని) చూపారు. సున్నీ ధర్మశాస్త్రం ప్రకారం, నేను రాసినంతమేరకు, లెక్కలో తప్పేమీ లేదు.

అయితే నేను కావాలనే కొన్ని విషయాలు చెప్పకుండా వదిలేశాను, వాటిని ఎవరూ అడగలేదు. మరణించిన వ్యక్తి తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు వెళుతుంది; అప్పుడు 24లో భార్యకు 3, కూతురికి 12, తల్లికి 4 పోగా తమ్ముడికి దక్కేది 5 మాత్రమే. తండ్రి బతికి ఉంటే తమ్ముడికి చిల్లిగవ్వ కూడా రాదు, ఆ 9 వంతులూ తండ్రికే చేరతాయి. తమ్ముడు అంటే ఎలాంటి తమ్ముడన్నది ఇంకో ప్రశ్న. తల్లి ఒక్కరై తండ్రులు వేరైన తమ్ముడైతే, కూతురు ఉన్నందువల్ల అతనికి అసలు వాటాయే లేదు. వీటన్నిటికన్నా ముందు అంత్యక్రియల ఖర్చు, అప్పులు, ఆస్తిలో మూడో వంతుకు మించని వీలునామా తీసివేయాలి. భార్యకు చెల్లించకుండా మిగిలిపోయిన మహర్ (పెళ్లి సందర్భంగా భర్త ఇవ్వవలసిన సొమ్ము) కూడా ఆ అప్పుల్లో ఒకటే. వీటిలో ఒక్కదాని గురించైనా తిరిగి ప్రశ్న రాలేదు, ‘వేరే వారసులు లేకపోతే’ అనే షరతు వాక్యమైనా సమాధానంలో లేదు. ఇలాంటి సమాధానాన్ని చేతబట్టుకొని ఒక కుటుంబం పంపకాలకు కూర్చుంటే, లెక్క సరిగ్గా ఉండి కూడా న్యాయం తప్పిపోతుంది. నాడి చూడకుండానే మందు రాసిచ్చిన వైద్యుడి చీటీకీ దీనికీ తేడా లేదు.

తిరిగి అడగడం అనేది పండితుడి మర్యాదకు సంబంధించిన విషయం కాదు, ఫత్వా తయారీలోనే ఒక దశ. 2003 నుంచి 2013 వరకు ఈజిప్టు ప్రధాన ముఫ్తీగా ఉన్న అలీ జుమా ఆ తయారీని నాలుగు దశలుగా వివరించేవారు: అడిగినవారి పరిస్థితిని ఉన్నదున్నట్టుగా చిత్రించుకోవడం, అది ధర్మశాస్త్రంలోని ఏ అంశం కిందికి వస్తుందో నిర్ణయించడం, ఆ అంశానికి ఉన్న హుకుంను (నియమాన్ని) తెలుసుకోవడం, చివరగా దాన్ని ఈ మనిషి పరిస్థితికి వర్తింపజేయడం. గ్రంథాల్లో దొరికేది మూడో దశ ఒక్కటే. మొదటిదానికీ నాలుగోదానికీ ఎదుటి మనిషి కావాలి. నేను సమీక్షిస్తున్న సేవ మూడో దశలో గట్టిదే. మొదటి దశను ప్రశ్న రాసినవాడికే వదిలేసింది, నాలుగోదాన్ని పూర్తిగా దాటవేసింది.

పరిస్థితి తెలుసుకోకుండా చెప్పిన సమాధానం ఎంత దూరం తీసుకుపోతుందో అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు చెబుతుంది. ప్రయాణంలో తలకు గాయమైన ఒక వ్యక్తికి స్నానం తప్పనిసరి అయింది. తయమ్ముమ్‌తో (నీళ్లకు బదులు మట్టితో చేసే శుద్ధితో) సరిపెట్టుకోవచ్చా అని అతను తోటివారిని అడిగితే, నీళ్లు ఉన్నాయి కనుక వీల్లేదని వారు చెప్పారు. అతను స్నానం చేశాడు, మరణించాడు. ఆ సంగతి విని ముహమ్మద్ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తీవ్రంగా ఆగ్రహించి, వారే అతన్ని చంపారని, తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, అజ్ఞానానికి మందు అడగడమేనని అన్నారు. ఆ తోటివారు నియమాన్ని కల్పించి చెప్పలేదు, నీళ్లు దొరికినప్పుడు స్నానం చేయాలన్నది నియమమే. గాయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

ఇంకో లోటు వెతికితే గాని కనబడదు. ఈ సేవలో భద్రపరచిన సమాధానాల్లో నేను చదివినంతలో ‘మాకు తెలియదు’ అన్న సమాధానం ఒక్కటీ లేదు. మాలికీ మజ్హబ్‌కు మూలపురుషుడైన ఇమామ్ మాలిక్ (మరణం 795) గురించి ప్రసిద్ధమైన ఒక కథనం ఉంది. ఆయనను 48 ప్రశ్నలు అడిగితే 32 ప్రశ్నలకు తెలియదని చెప్పారట. ఎంతో దూరం నుంచి వచ్చినవారు, మా ఊరివాళ్లకు ఏమని చెప్పమంటారని అడిగితే, మాలిక్‌కు తెలియదని చెప్పండి అన్నారని కూడా చెబుతారు. అంతటి పండితుడికి సాధ్యమైనది ఈ సేవకు సాధ్యం కాకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. పంపిన ప్రతి ప్రశ్నకూ సమాధానం వస్తుందన్నదే దాని ఆకర్షణ. ‘తెలియదు’ అన్న మాట అక్కడ లోపంగా లెక్కకు వస్తుంది. ముఫ్తీల సంప్రదాయంలో మాత్రం అది విద్యలో సగమని చెప్పుకునేవారు.

సమాధానం కింద పేరు ఉండటం గురించి ఒక మాట. దేవబంద్ సంప్రదాయానికి చెందిన దారుల్ ఇఫ్తాల్లో (ఫత్వాలు ఇచ్చే కార్యాలయాల్లో) ఒక ముఫ్తీ రాసిన ఫత్వాను తక్కిన ముఫ్తీలు చదివి, ‘అల్-జవాబు సహీహ్’ అని రాసి సంతకం పెట్టడం ఆనవాయితీ. సమాధానం సరైనదేనని రెండో కన్ను, మూడో కన్ను చూసి ధ్రువీకరించిన గుర్తు అది. ఏ ముఫ్తీ ఎక్కడ చదివాడో, ఎవరి దగ్గర శిక్షణ పొందాడో తెలుసుకోవడానికి కూడా ఆ సంతకమే దారి. ఈ సేవలో కొన్ని సమాధానాల కింద ముఫ్తీ పేరు, ఆయన విద్యా వివరాలు ఉన్నాయి. అలాంటివి నిజంగా బాగున్నాయి, ఆధారాలు కూడా పూర్తిగా ఇచ్చారు. మిగిలినవాటి కింద ‘పండితుల బృందం’ అని మాత్రమే ఉంది. ఆ బృందంలో ఎవరున్నారో ఎక్కడా చెప్పలేదు. గురుశిష్య పరంపరపై, అంటే సనద్‌పై నిలబడిన విద్యలో అజ్ఞాత సమాధానానికి ఎంత విలువ ఇవ్వాలో చదివేవారే ఆలోచించుకోవాలి, నేనైతే ఇవ్వను.

మజ్హబ్ అడగకపోవడం వల్ల వచ్చే చిక్కును అదే వారసత్వపు ప్రశ్నతో చూపవచ్చు. భార్య, కూతురు, తమ్ముడు అనే అదే జాబితాను జాఫరీ ఫిఖహ్‌ను అనుసరించే షియా పండితుడి ముందు పెడితే, కూతురు ఉన్నందువల్ల తమ్ముడికి ఏమీ రాదని, భార్య ఎనిమిదో వంతు పోగా (ఆమె వాటాలో భూమికి ప్రత్యేక నియమాలున్నాయి) మిగిలినదంతా కూతురిదేనని చెబుతాడు. తమ్ముడికి 9 వంతులు ఇచ్చిన సమాధానం షియా కుటుంబంలో ఒక కూతురి హక్కును లాగేసుకున్నట్టే. ఈ సేవ తనది సున్నీ దృక్పథమని ‘మా గురించి’ పేజీలో ఎక్కడో కింద రాసింది, సమాధానంలో రాయలేదు.

షియా వ్యవస్థ తీరు వేరు. అక్కడ సామాన్యుడు జీవించి ఉన్న, అందరికన్నా ఎక్కువ విద్వత్తు గల ముజ్తహిద్‌ను (ఇజ్తిహాద్ చేయగల పండితుణ్ణి) మర్జాగా, అంటే తాను అనుసరించే ప్రామాణిక పండితుడిగా, ఎంచుకొని అనుసరిస్తాడు. కనుక ఎవరు చెబుతున్నారనే ప్రశ్న మొదట్లోనే తేలిపోతుంది. మర్జాల సమాధానాల్లో నాకు ముచ్చటగా అనిపించే ఒక ఏర్పాటు ఉంది. ఒక విషయంలో మర్జా ఖచ్చితమైన ఫత్వా ఇవ్వలేక ‘ఇహ్తియాతె వాజిబ్’ అని, అంటే తప్పనిసరి జాగ్రత్త అని చెబితే, ఆ ఒక్క విషయంలో అనుచరుడు విద్వత్తులో ఆయన తరువాతి ముజ్తహిద్‌ను ఆశ్రయించవచ్చు. పండితుడు తన నిశ్చయానికి హద్దు ఎక్కడుందో చెబుతూనే, అవతలికి దారి కూడా చూపుతున్నాడన్నమాట. ఆన్‌లైన్ సేవల రూపకర్తలు ఈ ఒక్క పద్ధతిని అరువు తెచ్చుకున్నా సగం విమర్శలు తగ్గిపోతాయి.

స్వరం విషయానికి వస్తే, ఈ సేవ తన సమాధానాలను న్యాయస్థానం తీర్పు వెలువరించినట్టు రాస్తుంది. ముఫ్తీ ఇచ్చే ఫత్వా వేరు, ఖాజీ (న్యాయమూర్తి) ఇచ్చే తీర్పు వేరు అని మాలికీ పండితుడు అల్-ఖరాఫీ (మరణం 1285) ఒక గ్రంథమే రాశారు. ఖాజీ తీర్పు కక్షిదారులను బంధిస్తుంది. ముఫ్తీ మాట ధర్మం ఏమిటో తెలియజేస్తుంది, అడిగినవారి అంతరాత్మకు దారి చూపుతుంది, అమలు చేసే బలం మాత్రం దానికి లేదు. ఈజిప్టులో మరణశిక్ష విధించే ముందు న్యాయస్థానం ఆ కాగితాలను ప్రధాన ముఫ్తీకి పంపి అభిప్రాయం తీసుకోవాలి, అయినా ఆ అభిప్రాయానికి న్యాయమూర్తి కట్టుబడి ఉండనక్కరలేదు. భారత సుప్రీంకోర్టు కూడా 2014లో ఫత్వాకు చట్టబద్ధత లేదని, దాన్ని ఎవరిపైనా బలవంతంగా రుద్దరాదని స్పష్టం చేసింది. ఇంత స్పష్టంగా ఉన్న తేడాను ఈ సేవ తన వాక్యాల్లో చెరిపేస్తోంది. ఒక స్త్రీ తన భర్త కోపంలో అన్న మాటల గురించి అడిగిన ప్రశ్నకు ‘మీ వివాహం రద్దయింది’ అని ఒక్క వాక్యంలో సమాధానం ఇచ్చిన సందర్భం పాత సమాధానాల్లో కనబడింది. ఆ మాటలేమిటో, ఎన్నిసార్లు అన్నాడో, కోపం ఏ స్థాయిలో ఉందో భర్తను విచారించలేదు. ఒకే బైఠకులో చెప్పిన మూడు తలాఖ్‌లను నాలుగు సున్నీ మజ్హబ్‌లలో అత్యధికులు మూడుగానే లెక్కించగా, ఇబ్నె తైమియా (మరణం 1328) ఒకటిగా లెక్కించారు. ఈజిప్టు 1929లో చేసిన చట్టం కూడా ఒకటిగానే తీసుకుంది. ఇంత అభిప్రాయభేదం ఉన్నచోట ఆ విషయమే ప్రస్తావించకపోవడం క్లుప్తత అనిపించుకోదు.

ప్రభుత్వ దారుల్ ఇఫ్తాలైతే మెరుగు కదా అని కొందరు అంటారు. కొన్ని విషయాల్లో మెరుగే. 1895లో ఏర్పడిన ఈజిప్టు దారుల్ ఇఫ్తా వెనుక శతాబ్దానికి మించిన దస్తావేజుల నిధి ఉంది, శిక్షణ పొందిన సిబ్బంది ఉన్నారు. సౌదీ అరేబియాలో 2010 ఆగస్టులో వెలువడిన రాజాజ్ఞ బహిరంగ ఫత్వాలు ఇచ్చే అధికారాన్ని ప్రముఖ పండితుల మండలి సభ్యులకే పరిమితం చేసింది. గందరగోళం తగ్గించడానికి అది పనికివస్తుంది. కానీ పండితుడి మాటకు విలువ తెచ్చినది పాలకుడి ముద్ర కాదని ఈ సంప్రదాయపు చరిత్రే సాక్ష్యం చెబుతుంది. ఖాజీ పదవిని నిరాకరించినందుకు ఇమామ్ అబూ హనీఫా (మరణం 767) చెరసాల పాలయ్యారు. 833లో ఖలీఫా మామూన్ మొదలుపెట్టిన మిహ్నాలో (పండితుల విశ్వాసాలను పరీక్షించిన విచారణలో), ఖుర్‌ఆన్ సృష్టించబడినదని ఒప్పుకోనందుకు ఇమామ్ అహ్మద్ ఇబ్నె హంబల్ తరువాతి ఖలీఫా ముఅతసిమ్ కాలంలో కొరడా దెబ్బలు తిన్నారు. జనం ఆ ఖలీఫాల అభిప్రాయాన్ని మరచిపోయారు, అహ్మద్ మాటను నిలబెట్టుకున్నారు. ఈ సేవ ఏ ప్రభుత్వానికీ చెందినది కాదు, అది మెచ్చుకోదగినదే. దాన్ని నడిపించే ఖర్చు ఎవరు భరిస్తున్నారో మాత్రం చెప్పి ఉండవలసింది.

వైద్య సంబంధమైన ప్రశ్నల్లో సేవ పనితీరు నన్ను ఆశ్చర్యపరిచేంత బాగుంది. మెదడు పూర్తిగా పనిచేయడం మానేసిన రోగికి కృత్రిమ శ్వాస తొలగించవచ్చా అన్న ప్రశ్నకు, అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1986లో అమ్మాన్ సమావేశంలో చేసిన తీర్మానాన్ని ముందుంచి, ఆ స్థితి తిరిగిరానిదని నిపుణులైన వైద్యులు నిర్ధారించాలన్న షరతును వివరించి, దీనితో విభేదించిన పండితులూ ఉన్నారని కూడా రాశారు. ఒక్క పండితుడికి అన్ని శాస్త్రాలూ తెలియవు కనుక ధర్మశాస్త్రజ్ఞులూ వైద్యులూ కలిసి కూర్చొని తేల్చే ఈ సామూహిక ఇజ్తిహాద్ పద్ధతి అవసరమైంది. సేవ ఇక్కడ చూపిన జాగ్రత్త విడాకుల విషయంలో ఎందుకు చూపలేదో అర్థం కాదు. బహుశా వైద్యం తమకు తెలియదని వారికి తెలుసు, సంసారం తెలుసుననుకున్నారు.

స్త్రీలకు ప్రత్యేకమైన ప్రశ్నలను స్త్రీ పండితులకు పంపే ఏర్పాటు లేదు. నెలసరి, కాన్పు తరువాతి రోజుల గురించిన ప్రశ్నలూ సమాధానాలూ మరీ ముక్తసరిగా ఉండటానికి, అడగడంలోనూ చెప్పడంలోనూ ఉన్న ఈ సంకోచమే కారణమని నా అనుమానం. సహాబాల (ప్రవక్త సహచరుల) అభిప్రాయాలను సరిదిద్దిన, ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా ఉన్న సంప్రదాయమిది. 12వ శతాబ్దంలో పండితురాలు ఫాతిమా అస్-సమర్‌ఖందీ సంతకం, తండ్రి సంతకంతోనూ తరువాత భర్త అల్-కాసానీ సంతకంతోనూ కలిసి ఆ ఇంటి ఫత్వాలపై ఉండేదని చరిత్రకారులు రాశారు.

ఇటీవల ఈ సేవ ‘తక్షణ సమాధానం’ అనే పెట్టెను చేర్చింది. ప్రశ్న రాయగానే యంత్రం సమాధానం రాస్తుంది. నమాజు రకాతుల సంఖ్య వంటివి సరిగానే చెప్పింది. ప్రయాణంలో ఉపవాసం గురించి అడిగితే మాత్రం ఒక హదీసు సంఖ్యను ఆధారంగా చూపింది. సంకలనం తెరిచి చూస్తే ఆ సంఖ్య దగ్గర వేరే విషయానికి చెందిన హదీసు ఉంది. అడుగున ‘వల్లాహు ఆలమ్’ (అల్లాహ్‌కే బాగా తెలుసు) అని మాత్రం మరచిపోకుండా రాసింది. తప్పుకు జవాబుదారీగా నిలిచే మనిషి లేనిచోట ఆ మాట వినయం కాదు, అలంకారం. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) ముఫ్తీలను సర్వలోకాల ప్రభువు తరఫున సంతకం పెట్టేవారిగా వర్ణించారు. సంతకం పెట్టలేనిదాన్ని ఆ స్థానంలో కూర్చోబెట్టడం ఈ సేవ చేసిన అన్ని నిర్ణయాల్లోకీ చెడ్డది, వెంటనే తొలగించవలసింది.

మొత్తం మీద నమాజు, ఉపవాసం, శుద్ధి, జకాత్ లెక్క వంటి స్థిరమైన విషయాలకు, వైద్యానికి సంబంధించిన ప్రశ్నలకు ఈ సేవను వాడుకోవచ్చు, కింద ముఫ్తీ పేరు ఉన్న సమాధానాలకే పరిమితమై. అడిగేటప్పుడు మజ్హబ్, దేశం, పూర్తి పరిస్థితి పత్రంలో అడగకపోయినా మనమే రాయాలి. వారసత్వమైతే తల్లిదండ్రులతో సహా బతికి ఉన్నవారందరి పేర్లూ, అప్పులూ రాయాలి. తలాఖ్, ఖులా (భార్య కోరిక మీద జరిగే విడాకులు), ఆస్తి పంపకం విషయంలో నేను దీన్ని మళ్లీ వాడను. వాటికి ఎదురుగా కూర్చొని, ఇరుపక్షాలనూ విని, కాగితం మీద సంతకం పెట్టే ముఫ్తీని వెతుక్కుంటాను.